చదువు ఆగిన చోటు నుంచి నర్సు కొలువు దాకా: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

పొదుపు ఎంత, అప్పు ఎంత, వాపసు ఎంత అన్న లెక్కలు ముందు పేజీలలో చూసుకున్నాం. ఇక్కడ కొద్దిసేపు లెక్కల పుస్తకం పక్కన పెట్టి ఒక మహిళ జీవితం చెప్పుకుందాం. ఈ ఏడు మేము దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తీసుకున్నాం.

దీనికి కారణం ఉన్నది. మన నెల మీటింగుల్లో అప్పు దేనికి అని అడిగితే బర్రెకు, కిరాణా దుకాణానికి, కుట్టు మిషన్‌కు అని చెప్పేవాళ్లం. ఇప్పుడు వాటి నడుమ బిడ్డ నర్సింగ్ ఫీజుకు అన్న మాట కూడా వినబడుతున్నది. సిరిసిల్లలో, జగిత్యాలలో సర్కారు నర్సింగ్ కాలేజీలు వచ్చినయి. ఎల్లంతకుంట నుంచి బస్సెక్కి పోయి చదువుకునే దూరంలోనే ఆ చదువు ఉన్నది. అయినా చాలా ఇండ్లల్ల ఇంకా అనుమానాలు ఉన్నయి. రాత్రి డ్యూటీలు ఎట్ల, పరాయి మగవాళ్లకు సేవ చేసే పని ఏంది, పెండ్లి సంబంధాలు వస్తయా అని అడుగుతున్నరు. ఇంటర్ మధ్యలో ఆపేసిన బిడ్డకు మళ్లీ చదువు ఉంటదా అని కూడా అడుగుతున్నరు. ఈ ప్రశ్నలన్నిటికి తన జీవితంతోనే జవాబు ఇచ్చిన మనిషి దుర్గాబాయి.

ఎనిమిదేళ్లకే పెండ్లి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. కుటుంబం కాకినాడలో ఉండేది. ఆ రోజుల్లో కలరా, ప్లేగు ఊర్లను ఊర్లే తుడిచిపెట్టేవి. జబ్బు వచ్చిన ఇంటి గడప తొక్కడానికి సొంత చుట్టాలు కూడా జంకేవాళ్లు. రామారావు మాత్రం ఆ ఇండ్లకు పోయి రోగులకు సేవ చేసేవారు. చనిపోయిన వాళ్ల అంత్యక్రియలకు కూడా సాయపడేవారు. పిల్లలను కూడా వెంట తీసుకుపోయేవారు. రోగి దగ్గర నిలబడటానికి భయపడకూడదన్న సంగతి దుర్గాబాయికి బడి కంటే ముందు తండ్రి నేర్పారు. ఆ తండ్రి చిన్న వయసులోనే పోయారు.

అంత మంచి తండ్రి కూడా కాలం పోకడకు లొంగి, కూతురికి ఎనిమిదేళ్లకే పెండ్లి చేశారు. తర్వాత దానికి బాధపడ్డారు. దుర్గాబాయికి పదిహేనేళ్లు వచ్చి కాపురానికి పోవాల్సిన వేళ, ఆమె ఆ బంధం తనకు వద్దని తేల్చి చెప్పారు. ఆయన వేరే పెండ్లి చేసుకోవచ్చని కూడా ఒప్పుకున్నారు. ఇంట్లోవాళ్లు ఆమె వైపు నిలబడ్డారు. వందేళ్ల కింద ఒక ఆడపిల్ల ఈ మాట అనడం, ఇల్లు దాన్ని మన్నించడం ఎంత పెద్ద సంగతో మనకు వేరే చెప్పనక్కర లేదు.

తర్వాత జరిగింది ఇంకా గొప్పది. కొన్నేండ్లకు ఆ భర్త చనిపోయారు. ఆయన రెండో భార్యకు అత్తింట్లో ఆసరా లేకుండా పోయింది. దుర్గాబాయి ఆమెను తన సంస్థకు తీసుకువచ్చి, పని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబడేట్టు చేశారు. సవతి అన్న మాటకు మన కథల్లో ఉన్న అర్థం వేరు, దుర్గాబాయి ఇచ్చిన అర్థం వేరు.

చిన్న వయసులోనే బడి పెట్టిన పిల్ల

హిందీ బాగా నేర్చుకున్న దుర్గాబాయి, చిన్న వయసులోనే ఆడపిల్లల కోసం ఇంట్లోనే హిందీ పాఠశాల పెట్టారు. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలను, బురఖాలో ఉండే ముస్లిం స్త్రీలను ఆయనతో కలపాలని పట్టుబట్టారు. అప్పుడు ఆమె వయసు పన్నెండు. విరాళంగా 5,000 రూపాయలు పోగు చేస్తే సభకు సమయం ఇప్పిస్తామని స్థానిక నాయకులు షరతు పెట్టారు. ఆ డబ్బు కూడగట్టడంలో దేవదాసీలే ఆమెకు తోడు నిలిచారు. సభ జరిగింది. గాంధీగారి హిందీ ఉపన్యాసాన్ని ఆ చిన్నపిల్లే తెలుగులో చెప్పింది. స్త్రీలు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఊరు చిన్నచూపు చూసిన ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టడం ఆమెకు ఆనాటి నుంచే అలవాటు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆమె ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు టికెట్ కొని తెచ్చాకే లోపలికి వదిలారు. నెహ్రూ కోపం తెచ్చుకోలేదు, మెచ్చుకున్నారు. నియమం పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ ఒక్కటే అన్న ఆ పట్టుదల ఆమెను చివరిదాకా వదల్లేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. మూడేండ్లలో మూడుసార్లు జైలుకు పోయారు. మదురై జైలులో ఒంటరి గదిలో ఉంచారు. అక్కడ నేరాల మీద శిక్ష పడ్డ స్త్రీలను చూశారు. తమ మీద మోపిన కేసు ఏందో, తమకు ఉన్న హక్కు ఏందో చాలామందికి తెలియదు. చదువు లేకపోవడం మనిషిని ఎక్కడికి తోస్తదో ఆ గోడల మధ్య ఆమెకు అర్థమైంది. బయటికి వచ్చాక చదువుకోవాలని నిశ్చయించుకున్నారు.

ఆగిన చదువు మళ్లీ మొదలు

బడి మానేసిన మనిషి ఇరవై ఏళ్లు దాటాక మెట్రిక్ పుస్తకాలు పట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యారు. ఇంటర్ కూడా అక్కడి నుంచే. బీఏకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు కష్టమన్నారు. హాస్టల్ లేదన్నదే అడ్డమైతే హాస్టల్ మేమే పెట్టుకుంటామని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే ఆడపిల్లలను పోగు చేసి, ఇల్లు చూసి హాస్టల్ నడిపించారు. డిగ్రీ అయ్యాక మద్రాసులో లా చదివారు. 1942లో వకీలయ్యారు.

చదువుతూనే ఇంకో పని మొదలుపెట్టారు. 1937లో మద్రాసు మైలాపూరులో పిల్లలకు, ఆడవాళ్లకు హిందీ, ఇతర పాఠాలు చెప్పే చిన్న బృందం ఒకటి నడిపారు. అదే ఆంధ్ర మహిళా సభ అయ్యింది. భర్త వదిలేసిన వాళ్లు, చిన్నతనంలోనే భర్త పోయిన వాళ్లు, చదువు ఆగిపోయిన వాళ్లు ఆ గడపకు వచ్చారు. తాను నడిచిన దారిలోనే వాళ్లను కూడా నడిపించి, బనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. చదువుతో పాటు చేతిపని నేర్పారు.

మెట్రిక్ పాసైన ఆడమనిషికి ఆ రోజుల్లో ఏ పని దొరికేది? బడిపంతులమ్మ పని, లేదా నర్సు, మంత్రసాని పని. ఈ రెండో దారిలో మనుషుల కరువు ఎంత ఉండెనో ఒక లెక్క చూడండి. స్వాతంత్ర్యానికి ముందు మన దేశ ఆరోగ్యం మీద సర్కారు వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. సుమారు 6,300 మందికి ఒక డాక్టరు ఉంటే, నర్సు మాత్రం 43,000 మందికి ఒక్కరు. మంత్రసాని 60,000 మందికి ఒక్కరు. మన లెక్కన చెప్పుకోవాలంటే ఒక మండలం మొత్తానికి కలిపి ఒకరో ఇద్దరో నర్సులు ఉన్నట్టు. కాన్పుల్లో తల్లులు, బిడ్డలు పోవడానికి మందు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మందు ఇచ్చే చెయ్యి లేకపోవడం కూడా కారణమే.

దుర్గాబాయి ఈ రెండు కష్టాలను ఒకచోట కలిపి చూశారు. ఒకవైపు పని లేని ఆడవాళ్లు, ఇంకోవైపు మనుషులు లేని పని. నడుమ అడ్డం ఒక్కటే, చదువు అర్హత. ఆంధ్ర మహిళా సభ తన నర్సింగ్ హోమ్‌ను, నర్సులకు, ఏఎన్ఎంలకు శిక్షణను ఈ ఆలోచనతోనే పెంచుకుంటూ పోయింది. రోగికి వైద్యం అందే చోటే విద్యార్థికి చదువు. మద్రాసులో మొదలైన ఆ పని తర్వాత హైదరాబాదుకు కూడా వచ్చింది. విద్యానగర్ దగ్గర ఆమె పేరుతో ఉన్న దవాఖాన, దానితో నడిచే నర్సింగ్ చదువు మనలో కొందరు చూసే ఉంటారు.

నర్సు చదువులో ఏముంటది

నర్సంటే సూది వేసే మనిషి, బెడ్ షీట్ మార్చే మనిషి అనుకునే వాళ్లు ఇంకా ఉన్నరు. బిడ్డను పంపే తల్లికి ఆ చదువులో ఏముందో తెలవాలె. కాబట్టి కొంచెం వివరంగా చెప్తున్నాం.

ఒకటి, మందుల చదువు. దాన్నే ఫార్మకాలజీ అంటారు. ఏ మందు ఒంట్లో ఏం చేస్తది, ఎంత ఇవ్వాలె, దేనితో కలిపి ఇవ్వొద్దు, ఇచ్చాక ఏ గుర్తులు కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలె అన్నవి నేర్పుతారు. మందు ఇచ్చే ముందు అయిదు సంగతులు సరిచూడాలని మొదటి ఏడాదిలోనే అలవాటు చేస్తారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి (అంటే నోటి ద్వారానా, నరానికా, కండకా), సరైన సమయం. ఎవరు తొందరపెట్టినా ఈ అయిదు చూడనిదే మందు చేయి దాటొద్దు. టికెట్ లేనిదే నెహ్రూను కూడా వదలని ఆ పిల్ల పట్టుదల లాంటిదే ఇది.

ఇది ఎందుకు ఇంత ముఖ్యమో మన లెక్కల పుస్తకం రాసే అక్కలకు బాగా అర్థమైతది. చంటిపిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటది. అదే పారాసిటమాల్ సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 లేదా 250 మిల్లీగ్రాములు. సిరప్ కొలిచినట్టు చుక్కల మందును అయిదు మిల్లీలీటర్ల చెంచాతో పోస్తే ఒకేసారి 500 మిల్లీగ్రాములు లోపలికి పోతది. చంటిపిల్లకు అది ప్రమాదం. మందు పేరు ఒక్కటే, సీసాలో బలం వేరు.

ఇన్సులిన్ సంగతి కూడా అంతే. మన దగ్గర దొరికే సీసాల్లో కొన్ని మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. సిరంజీలు కూడా ఆ రెండు రకాలే. 40 సీసాకు 40 సిరంజీనే వాడాలె. 100 సీసా మందును 40 సిరంజీతో 20 గీత దాకా లాగితే, 20 యూనిట్లు అనుకుంటాం కానీ నిజానికి 50 యూనిట్లు వస్తయి. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. ఈ లెక్క తప్పకుండా చూసే మనిషే నర్సు. మన ఇండ్లల్ల షుగర్ ఉన్నవాళ్లు కూడా సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒక్కటేనా అని చూసుకోండి.

రెండోది, ప్రాణం మీదికి వచ్చిన రోగిని చూసుకునే చదువు. రోగి వచ్చీరాగానే మూడు సంగతులు వరుసగా చూడాలె: శ్వాస దారి తెరిచి ఉన్నదా, శ్వాస ఆడుతున్నదా, రక్తం ఒంట్లో తిరుగుతున్నదా. నాడి, బీపీ, జ్వరం, శ్వాస వేగం కొలిచి, టైముతో సహా కాగితం మీద రాయాలె. గంట కింద ఎట్ల ఉన్నది, ఇప్పుడు ఎట్ల ఉన్నది అన్న తేడా ఆ కాగితమే చెప్తది. డాక్టరు ఒక్కో రోగి దగ్గర కొన్ని నిమిషాలే ఉంటారు. రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది నర్సే. రోగి పరిస్థితి దిగజారుతున్నదని మొదట తెలిసేది కూడా ఎక్కువగా ఆమెకే.

కాన్పు సంగతి తీసుకోండి. బిడ్డ పుట్టాక తల్లికి అర లీటరు, అంతకు మించి రక్తం పోతే ప్రమాదం కింద లెక్క. దాన్ని ఆపడానికి బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి ఆక్సిటోసిన్ సూది ఇస్తారు. ఆ మందు చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలె. ఎండలో పెడితే బలం పోతది. గర్భసంచి గట్టిపడిందా లేదా అని చేత్తో చూడటం, రక్తం ఎంత పోయిందో అంచనా వేయడం, ఆగకపోతే ఒక్క నిమిషం కూడా పోనియ్యకుండా పెద్ద దవాఖానకు కబురు పెట్టడం ఇవన్నీ నేర్చుకున్న చెయ్యి ఉంటేనే ఆ తల్లి బతుకుతది.

పాము కాటు, పురుగుల మందు తాగడం, పక్షవాతం, గుండెనొప్పి, ఫిట్స్ వచ్చిన కేసుల్లో కూడా మొదటి గంట చాలా ముఖ్యం. విద్యార్థులకు ఇవన్నీ ముందుగా బొమ్మల మీద చేయిస్తారు. ఛాతీ నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం, 30 నొక్కుళ్లకు రెండు శ్వాసలు ఇవ్వడం చేతికి అలవాటు అయ్యేదాకా చేయిస్తారు. తర్వాతే సీనియర్ల పక్కన నిలబడి రోగి దగ్గర నేర్చుకుంటారు. పుస్తకం ఒక్కటే చాలదు, దవాఖాన ఒక్కటే చాలదు, రెండూ కలిసి నడవాలె.

దేశం మొత్తానికి ఒక దారి

1946లో దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో పనిచేసిన 15 మంది స్త్రీలలో ఆమె ఒకరు. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెండ్లి చేసుకున్నారు. ఆయన రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు. రిజిస్టర్ పెండ్లి, ఆడంబరం లేదు. నెహ్రూ ఒక సాక్షి.

అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే. ఊర్లల్ల బాలవాడీలు, చేతిపని కేంద్రాలు, గ్రామసేవికలు, మంత్రసానులు ఉండే సంక్షేమ పథకాలను 1954 నుంచి మొదలుపెట్టారు. పథకం వచ్చాక ఒక చిక్కు వచ్చింది. ఊర్లల్ల పనిచేయడానికి, నర్సు శిక్షణకు, మంత్రసాని శిక్షణకు తగిన చదువు ఉన్న ఆడవాళ్లు కావాలె. ఊర్లల్ల అట్లాంటి వాళ్లు లేరు. పట్నం వాళ్లు ఊర్లకు రారు.

దుర్గాబాయి అర్హత తగ్గించమనలేదు. చదువు తక్కువున్న చేతిలో మందు పెడితే రోగికే నష్టం. ఆడవాళ్లను ఆ అర్హత దాకా తీసుకురావాలన్నదే ఆమె దారి. 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పెద్దవయసు స్త్రీల కోసం సంక్షిప్త చదువుల పథకం పెట్టింది. చిన్నప్పుడు బడి మానేసిన వాళ్లు, భర్త పోయిన వాళ్లు, వదిలివేయబడ్డ వాళ్లు రెండేళ్లలో ఏండ్ల చదువు పూర్తి చేసి పరీక్ష రాయొచ్చు. పాసయ్యాక నర్సు, మంత్రసాని, టీచరు, గ్రామసేవిక శిక్షణలకు పోవచ్చు. మైలాపూరులో కొద్దిమందితో చేసిన పనిని ఆమె దేశమంతటికి పరిచారు. అదే ఏడు ఆడపిల్లల చదువు మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. ఇంటి తగాదాలకు వేరుగా కుటుంబ కోర్టులు ఉండాలని కూడా ఆమె చాలా ముందే అడిగారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

1975లో ఆమెకు, భర్తకు ఇద్దరికీ పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. హైదరాబాదులో డీడీ కాలనీ అన్నది ఆమె పేరే. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషన్‌కు కూడా ఆమె పేరున్నది.

మనం తీసుకోవాల్సింది

ఆమె జీవితం చదివి దండం పెట్టి పుస్తకం మూసేస్తే లాభం లేదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నయి.

మొదటిది, పెండ్లి తొందర. పద్దెనిమిది నిండగానే సంబంధం చూసే ఇండ్లు మన సంఘాల్లో ఇంకా ఉన్నయి. పెండ్లికి లక్షల అప్పు తెచ్చినప్పుడు ఎవరూ అడ్డం చెప్పరు. అదే బిడ్డ చదువుకు అంటే ఇంత ఎందుకు అని అడుగుతరు. బీడీలు చుట్టి, సాంచాల దగ్గర కండెలు చుట్టి తల్లులు దాచిన పైసలు ఎటు పోవాలన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

రెండోది, ఆగిన చదువు. టెన్త్, ఇంటర్ మధ్యలో ఆపిన బిడ్డలకు, కోడండ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉన్నది. దుర్గాబాయి సంక్షిప్త చదువు చేసిన పనే ఇది చేస్తది. వయసు దాటింది అనే మాట ఆమె ఇరవై దాటాక మెట్రిక్ రాసిననాడే పోయింది.

మూడోది, కాలేజీ ఎంచుకోవడం. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలె. ఓపెన్ స్కూల్ ఇంటర్ చదివిన వాళ్లు చేరే కోర్సుకు అది చెల్లుతదా అని నోటిఫికేషన్‌లో ముందే చూసుకోవాలె. ఫీజు కట్టే ముందు రెండు సంగతులు అడగండి: భారతీయ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా, విద్యార్థులు నేర్చుకునే దవాఖాన ఎక్కడున్నది, అందులో రోగులు నిజంగా ఉంటారా. రోగులు లేని చోట నర్సు తయారుకాదు. గుర్తింపు లేని సర్టిఫికెట్‌తో రిజిస్ట్రేషన్ రాదు. అప్పు మాత్రం మిగులుతది.

నాలుగోది, మర్యాద. రాత్రి డ్యూటీ చేసి పొద్దున బస్సు దిగే బిడ్డను ఊరు ఎట్ల చూస్తున్నదో ఆ ఊర్లో ఉన్న మనమే చూసుకోవాలె. మన అమ్మకు, మన కోడలికి కష్టం వచ్చిన రాత్రి పక్కన నిలబడి కాగితం మీద నాడి లెక్క రాసేది అట్లాంటి బిడ్డే. సంఘం మీటింగులో ఆమెను పిలిచి, బీపీ ఎట్ల చూడాలో, గోలీల పట్టీ మీద తేదీ ఎట్ల చదవాలో నాలుగు మాటలు చెప్పించుకుంటే మనకూ మేలే, ఆమెకూ గౌరవమే.

వచ్చే ఏడు ఈ పుస్తకంలో అప్పుల పట్టిక వేసేటప్పుడు బర్రె, కిరాణా, మిషన్ పక్కన బిడ్డ చదువు అన్న వరుస కొంచెం పొడుగు కావాలని మా కోరిక. ఏ సంఘంలో ఎవరి చదువు ఎక్కడ ఆగిందో రాసి, ఈ జూన్ మీటింగుకు ఆ పేర్లు తీసుకురండి. కలిసి చూద్దాం.